బోల్టు తిప్పే ముందు కొలత టేపు తీయండి: లిఫ్ట్ చేసిన థార్‌లో ముందు వైపు ఎత్తు సెట్ చేయడం

(విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్‌లు, ఫోర్ బై ఫోర్ బండ్ల ఓనర్ల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మెకానిక్ తమ్ముళ్లూ, బండ్ల ఓనర్లూ ఒకేచోట కూర్చోవడం చాలా సంతోషంగా ఉంది. ఈ పనిలో తప్పులు ఎక్కువగా మీ ఇద్దరి మధ్య మాట సరిగ్గా జరగకపోవడం వల్లే వస్తాయి. ఓనరు వచ్చి "అన్నా, ముందు రెండంగుళాలు లేపు" అంటాడు. మెకానిక్ బండి కిందికి దూరి, రెండు బోల్టులు బిగించి, కాసేపట్లో లేపి ఇస్తాడు. ఇద్దరూ సంతోషమే. ఆ రెండంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయని మాత్రం ఎవరూ అడగరు. ఇవాళ నేను మాట్లాడేది దాని గురించే.

ఒక్క బండినే తీసుకుందాం. 2010లో వచ్చి 2020 వరకు అమ్మిన పాత మహీంద్రా థార్, సీఆర్‌డీఈ డీజిల్ ఇంజన్‌ది. వెనక కమాన్ కట్టలు, ముందు రెండు చక్రాలకు విడివిడిగా ఆర్ములు (చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే చేతులు), టోర్షన్ బార్‌లు. పాత టాటా సఫారీ, టోర్షన్ బార్ ఉన్న పాత పజేరో నడిపేవాళ్లు కూడా వినండి, మీకూ ఇదే లెక్క. 2020లో వచ్చిన కొత్త థార్‌కు ముందు కాయిల్ స్ప్రింగ్ ఉంటుంది, దాని సంగతి చివర్లో చెబుతాను.

టోర్షన్ బార్ అంటే స్ప్రింగ్ స్టీలు కడ్డీ, అంతే. 1934లో సిట్రోయెన్ ట్రాక్షన్ అవాంత్ కారులోనే ఇది ఉంది. ఛాసిస్ వెంట పొడవునా పడుకుని ఉంటుంది. ముందు కొస చక్రం ఆర్ముకు బిగించి ఉంటుంది. వెనక కొస ఒక చిన్న లివరులోకి పళ్ల మీద కూర్చుంటుంది. ఆ లివరును ఛాసిస్ అడ్డ కమ్మీ అయిన క్రాస్ మెంబర్ దగ్గర ఒక పొడుగు బోల్టు ఆపి ఉంచుతుంది. చక్రం గతుకు ఎక్కినప్పుడు ఆర్ము పైకి లేస్తుంది, తడిబట్ట పిండినట్టు కడ్డీ మెలి తిరుగుతుంది, మళ్లీ విప్పుకుంటుంది. మనం తిప్పేది ఆ వెనక బోల్టునే.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే చోటికి వద్దాం. బోల్టు బిగిస్తే బార్ గట్టిపడుతుందనుకుంటారు. గట్టిపడదు. బండి బరువు మారలేదు కదా! ఆ బరువును మోయడానికి కడ్డీ ఎంత మెలి తిరగాలో అంతే తిరుగుతుంది. మీరు వెనక కొసను తిప్పారు కాబట్టి ముందు కొస కూడా దాదాపు అంతే తిరిగింది. ఆర్ము కిందికి దిగింది, బండి పైకి లేచింది. నిలబడి ఉన్న బండిలో కడ్డీ మెలిక మునుపటంతే ఉంది. కడ్డీ గట్టిదనం దాని లావు మీద, పొడవు మీద, ఆ స్టీలు మీద ఆధారపడుతుంది. లావు సంగతి మరీ విచిత్రం: 10 శాతం లావైన కడ్డీ వేస్తే గట్టిదనం సుమారు 46 శాతం పెరుగుతుంది. లావును నాలుగుసార్లు వేసి ఒకదానితో ఒకటి హెచ్చించే లెక్క అది. బోల్టు తిప్పితే ఆ లెక్కలో ఒక్క అంకె కూడా మారదు.

"మరి బోల్టు బిగించాక బండి గట్టిగా కొడుతుంది కదన్నా?" అంటారు. నిజమే, కొడుతుంది. కానీ ఆ దెబ్బ స్ప్రింగుది కాదు. చక్రం కిందికి దిగుతూ దిగుతూ ఇక దిగే చోటు లేక, ఆర్ము వెళ్లి కింది వైపు స్టాపరుకు తగిలే దెబ్బ అది. స్పీడ్ బ్రేకర్ దిగగానే ముందు 'టక్'మని వినిపిస్తుంది చూడండి, అదే. ఆ చప్పుడు విని షాకబ్జర్లు పోయాయని కొత్తవి కొనేవాళ్లు చాలామంది. కొత్తవి వేసినా చప్పుడు పోదు, ఎందుకంటే లోపం వాటిలో లేదు.

ఇది కాస్త నిదానంగా చెబుతాను, ఇవాళ్టి మాటల్లో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ముందు చక్రానికి రెండు హద్దులుంటాయి. పైకి పూర్తిగా ఎక్కినప్పుడు బంప్ స్టాపర్, కిందికి పూర్తిగా వేలాడినప్పుడు కింది స్టాపర్. ఈ రెండూ ఛాసిస్‌కూ ఆర్ములకూ సంబంధించినవి. మీరు బోల్టు పది చుట్లు తిప్పినా ఆ హద్దులు అంగుళం కూడా కదలవు. మీరు మార్చేది, బండి నిలబడి ఉన్నప్పుడు చక్రం ఆ రెండు హద్దుల మధ్య ఎక్కడ ఉండాలనేది మాత్రమే. లెక్క సులువుగా ఉండటానికి మొత్తం కదలిక 180 మిల్లీమీటర్లు అనుకుందాం. సగం పైకి, సగం కిందికి, 90, 90. మీరు 50 మిల్లీమీటర్లు లేపారు. ఇప్పుడు పైకి 140, కిందికి 40. కదలిక ఏమీ పెరగలేదు. పైకి ఇచ్చినదంతా కిందినుంచి తీసుకున్నదే.

కింది కదలిక ఎందుకంత అవసరం? మారేడుమిల్లి వైపు అడవి దారిలోనో, వర్షం పడ్డాక పొలాల మధ్య బండి దారిలోనో ఆలోచించండి. ఒక చక్రం గాడిలోకి దిగాలి. దిగే చోటు లేకపోతే గాలిలో ఉండిపోతుంది. ముందు డిఫరెన్షియల్, అంటే ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా, మామూలుది అయితే గాలిలో ఉన్న చక్రమే గిరగిరా తిరుగుతుంది, నేల మీద ఉన్నదానికి లాగే బలం అందదు. అంటే ఎత్తు పెంచి, బురదలో బండిని బలహీనం చేశామన్నమాట. రోడ్డు మీద కూడా అంతే. బ్రేకు వేసి వదిలినప్పుడు, మలుపులో లోపలి చక్రం మీద బరువు తగ్గినప్పుడు, ఆ చక్రం కిందికి దిగి నేలను పట్టుకోవాలి.

కాబట్టి ఓనర్లకు నా మనవి: మెకానిక్ దగ్గరికి వెళ్లి "రెండంగుళాలు లేపు" అనకండి. "కిందికి కదలిక ఎంత మిగులుతుంది?" అని అడగండి. మొత్తం కదలికలో కనీసం మూడో వంతు కిందికి మిగలాలనేది నేను పాటించే పద్ధతి. ఇందాకటి లెక్కలో అది 60 మిల్లీమీటర్లు. అంటే 30 మిల్లీమీటర్లకు మించి లేపను. అంతకన్నా ఎత్తు నిజంగా కావాలంటే ఆ బండికి ఆర్ములూ స్టాపర్లూ డిఫరెన్షియల్ మౌంటింగులూ కలిపి మార్చే పూర్తి కిట్ కావాలి. ఆ పని బోల్టుతో అయ్యేది కాదు.

కొలవడం దగ్గరికి వద్దాం. నేల మట్టంగా ఉండాలి. రసమట్టం పెట్టి చూసుకోండి, కంటితో చూసి బాగానే ఉందనుకుంటే కుదరదు, షెడ్డులో నీళ్లు పోవడానికి వాలు పెట్టి ఉంటారు. నాలుగు టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. ట్యాంకు నిండా డీజిలు, స్టెప్నీ దాని చోట, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) ఉంటే అది కూడా బండి మీదే ఉండాలి. రోజూ ఎలా తిరుగుతుందో అలా ఉన్నప్పుడే కొలవాలి. డ్రైవరు ఒక్కడే తిరిగే బండి అయితే కుడివైపు సీట్లో అంత బరువు పెట్టి కొలవడం మంచిది.

నేల నుంచి మడ్‌గార్డ్ వరకు కొలవకండి. మధ్యలో టైరు వస్తుంది, అరిగిన టైరు, గాలి తగ్గిన టైరు కొలతను పాడుచేస్తాయి. చక్రం మధ్యనుండే హబ్ నడుమ నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డ్ అంచు వరకు కొలవండి. డెంటింగ్ చేసిన పాత బండి అయితే మడ్‌గార్డ్‌నూ నమ్మలేం. అప్పుడు ఆర్ము లోపలి బోల్టు నడుమ ఎత్తు, బయట బాల్ జాయింట్ ఎత్తు, రెండూ నేల నుంచి కొలిచి తేడా తీయండి. ఆ తేడాకు బాడీతో సంబంధం లేదు. ఈ పద్ధతిలో కొలవమనే సర్వీసు మాన్యువళ్లు చాలా ఉన్నాయి.

ఇప్పుడు జాకీ వేసి ముందు చక్రాలు రెండూ నేల విడిచేలా లేపి, ఛాసిస్ కింద స్టాండులు పెట్టండి. చక్రం పూర్తిగా వేలాడుతుంది. హబ్ నుంచి మడ్‌గార్డ్‌కు మళ్లీ కొలవండి. నిలబడ్డప్పటి కొలతకూ దీనికీ తేడానే మీకు మిగిలి ఉన్న కింది కదలిక. రెండు నిమిషాల పని. లిఫ్ట్ చేసిన బండి సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు కూడా ఈ కొలత ఒక్కటి తీసుకోండి. ఆ బండిని ఎవరైనా బోల్టుతో లాగి లేపారా లేదా అన్నది బయటపడుతుంది.

తిప్పడం. బండి బరువు చక్రాల మీద ఉండగా బోల్టు తిప్పకండి. మర తెగుతుంది, లేదా పానా జారి చేతికి తగులుతుంది. స్టాండుల మీద ఉంచి, మరకు వైరు బ్రష్ కొట్టి, నూనె వేసి, అప్పుడు తిప్పండి. అంతకన్నా ముందు బోల్టు ఎంత బయటికి కనిపిస్తుందో కొలిచి రాసుకోండి, పెయింటుతో గుర్తు పెట్టండి. ఏమైనా తేడా వస్తే మొదటి చోటికి తిరిగి రావడానికి దారి ఉండాలి. చుట్టుకు ఇన్ని మిల్లీమీటర్లని ఎవరైనా చెబితే నమ్మకండి. ముందు రెండు చుట్లు తిప్పి, దించి, కొలిచి, మీ బండికి చుట్టుకు ఎంత వచ్చిందో మీరే చూసుకోండి.

దించగానే కొలవకండి! ఇది నేను గట్టిగా చెప్పాలి. జాకీ దించినప్పుడు ముందు చక్రాలు లోపలికి ముడుచుకుని నేలను తాకుతాయి, టైరు రబ్బరు నేలను పట్టుకుని వాటిని బయటికి జరగనివ్వదు. బండి ఉన్నదానికన్నా ఎత్తుగా కనిపిస్తుంది. అయిదారు మీటర్లు ముందుకు, వెనక్కి నడిపి, బంపరు మీద రెండు మూడుసార్లు గట్టిగా నొక్కి వదిలి, అప్పుడు కొలవండి. ఈ ఒక్క అడుగు వదిలేసినందువల్లే సాయంత్రం సరిగ్గా ఉన్న బండి తెల్లారేసరికి కిందికి దిగిందని గొడవలవుతాయి.

ఒక పక్కకు వాలిన బండి వస్తే? వెంటనే వాలిన వైపు బోల్టు బిగించేస్తారు. ఆగండి. వెనక కమాన్ కట్ట ఒకటి కూలబడినా ఆ వాలు ముందు కనిపిస్తుంది. తెలుసుకోవడానికి తేలికైన ఉపాయముంది. ముందు చక్రాలకు దిమ్మలు పెట్టి, వెనక యాక్సిల్ కింద, రెండు చక్రాలకూ సరిగ్గా నడుమ, ఒకే జాకీతో వెనక చక్రాలు నేల విడిచేంత మాత్రమే లేపండి. కొలిచేంతసేపు ఎవరూ బండి కింద ఉండకూడదు. వెనక భాగం ఇప్పుడు ఒక్క చోట ఆనింది కాబట్టి వాలును అది నిర్ణయించలేదు. ఇంకా వాలి ఉంటే లోపం ముందు ఉంది. నిటారుగా నిలబడితే లోపం వెనక ఉంది. అలాంటప్పుడు ముందు వైపు బోల్టు ముట్టుకోకండి, కమాన్ కట్ట చూడండి. ముందు ఒక మూల లేపితే దానికి ఎదురు మూల వెనక చక్రం మీద కూడా బరువు పెరుగుతుంది. వెనక తప్పును ముందు కప్పిపుచ్చితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగడానికి అది కూడా కారణమవుతుంది. సర్దాల్సింది ముందు వైపే అని తేలితే యాంటీ రోల్ బార్ (రెండు ముందు చక్రాలను కలిపే కడ్డీ) లింకులు విప్పి సర్దండి, లేకపోతే ఒక వైపు చేసిన మార్పును ఆ బార్ రెండో వైపుకు మోస్తుంది. ఎడమకూ కుడికీ తేడా 5 మిల్లీమీటర్ల లోపు ఉంటే నేను వదిలేస్తాను.

బోల్టు మర అయిపోయి ఇంకా ఎత్తు రాలేదంటే బార్ విప్పి లివరును ఒక పన్ను జరిపి కూర్చోబెట్టాలి. అది తెలిసినవాళ్ల పని. కడ్డీలో మెలిక పూర్తిగా దిగిందని ఖాయం చేసుకోకుండా లివరు విప్పితే ప్రాణం మీదికొస్తుంది. ఎడమ బార్ ఎడమకే, కుడి బార్ కుడికే. ఒకే దిక్కుకు మెలి తిరిగేలా ఫ్యాక్టరీలోనే అలవాటు చేసి పంపుతారు, కొస మీద గుర్తు ఉంటుంది. తారుమారు చేస్తే కూలబడుతుంది, విరగొచ్చు కూడా. కడ్డీని పైపు రెంచితో పట్టుకోకండి, దాని పక్కన వెల్డింగు నిప్పురవ్వలు పడనివ్వకండి. మెలిక భారమంతా కడ్డీ పైపొర మీదే ఎక్కువ పడుతుంది, ఆ పొర మీద చిన్న గాటు చాలు, పగులు అక్కడే మొదలవుతుంది. ఇంకో సంగతి: బోల్టు బిగించి లేపిన బండి గట్టి గతుకులో బంప్ స్టాపరు దాకా వెళ్లినప్పుడు కడ్డీ మునుపటికన్నా ఎక్కువ మెలి తిరుగుతుంది. నిలబడి ఉన్నప్పుడు తేడా లేదన్నాను కదా, అక్కడ మాత్రం తేడా ఉంది.

ఇప్పుడు మెకానిక్ తమ్ముళ్లు ఎక్కువగా మరిచిపోయే పని. ఆర్ము కీళ్లలో ఉండే బుష్‌లలో రబ్బరు లోపలి ఇనుప గొట్టానికి అతుక్కుని ఉంటుంది. ఆర్ము కదిలినప్పుడు రబ్బరే మెలి తిరుగుతుంది. కొత్త బుష్ వేసి, బండి స్టాండు మీద ఉండగా, ఆర్ము వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించారనుకోండి, రబ్బరు అక్కడే స్థిరపడుతుంది. దించాక ఎప్పుడూ మెలిపడే ఉంటుంది, త్వరగా చిరుగుతుంది, పైగా బండిని కాస్త ఎత్తి పట్టుకుని మీ కొలతను తప్పిస్తుంది. బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే ఆ బోల్టులు చివరి బిగింపు బిగించాలి. ఎత్తు మార్చాక కూడా అవి వదులు చేసి మళ్లీ బిగించడం మంచిది.

సీవీ జాయింట్లు చూద్దాం, అంటే ముందు చక్రాలకు బలం తీసుకెళ్లే యాక్సిల్ షాఫ్టుల మీది వంగే కీళ్లు. ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. బండితో పాటు అదీ పైకి వెళుతుంది, చక్రం కిందే ఉంటుంది. అందుకే ఇలాంటి బండిలో ఎత్తు పెంచితే డిఫరెన్షియల్ కింద ఖాళీ నిజంగానే పెరుగుతుంది. మారుతి జిప్సీలాంటి రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు) బండిలో అలా కాదు, అక్కడ పెద్ద టైరు వేస్తేనే పెరుగుతుంది. ఆ లాభానికి ఖర్చు ఏమిటంటే, యాక్సిల్ షాఫ్టు వాలు పెరుగుతుంది. రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుని చిరుగుతాయి, గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది. తర్వాత స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టకటక చప్పుడు. ఎత్తు సెట్ చేశాక చక్రాలు వేలాడుతుండగా స్టీరింగు రెండు వైపులా చివరి వరకు తిప్పి, చక్రాన్ని చేత్తో తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే ఎత్తు ఎక్కువైనట్టే. బ్రేకు పైపు బిగుసుకుందా, బాల్ జాయింట్ చివరి వరకు వంగిపోయిందా, అదీ అప్పుడే కనిపిస్తుంది. షాకబ్జర్ మార్చి ఉంటే, స్టాపరుకు తగిలేలోపు అది పూర్తిగా సాగిపోకూడదు, పూర్తిగా ముడుచుకుపోనూ కూడదు. హద్దు పెట్టాల్సింది స్టాపరే.

ఆ తర్వాత అలైన్‌మెంట్. ఎత్తు మారితే క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం వాలు), టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండటం) రెండూ మారతాయి. టో తప్పితే కొత్త టైరు కూడా కొద్ది వేల కిలోమీటర్లలోనే రంపం పళ్లలా అరిగిపోతుంది. కాబట్టి అలైన్‌మెంట్ డబ్బు ఈ పనిలో భాగమని ఓనరుకు ముందే చెప్పండి, తర్వాత చేయించుకోమని పంపేస్తే సగం మంది చేయించుకోరు.

చట్టం గురించి ఒక మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ సెక్షన్ మీద ఇదే ధోరణిలో తీర్పు చెప్పింది. కూలబడిన బండిని కంపెనీ ఎత్తుకు తీసుకురావడం రిపేరు. దాన్ని దాటి లేపడం వేరే సంగతి, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర ఆ ప్రశ్న వస్తుంది. తెలిసి నిర్ణయించుకోండి.

ప్రశ్నలు కొన్ని చీటీల మీద వచ్చాయి.

"వించ్ పెట్టాక ముందు కూలబడింది, బోల్టు బిగించవచ్చా?" కంపెనీ ఎత్తు వరకు బిగించవచ్చు, అది పోయిన కదలికను తిరిగి తెచ్చుకోవడమే. కానీ బరువు పెరిగింది, స్ప్రింగు గట్టిదనం మాత్రం పాతదే. గతుకుల్లో బంప్ స్టాపరుకు ఎక్కువగా తగులుతుంటే ఇక లావు బార్ గురించి ఆలోచించాలి.

"కొత్త థార్‌కు కాయిల్ మీద 25 మిల్లీమీటర్ల స్పేసర్ వేస్తే 25 లేస్తుందా?" అంతకన్నా ఎక్కువే లేస్తుంది. కాయిల్ ఆర్ము కొసన కాకుండా లోపలికి ఆనుకుని ఉంటుంది. అక్కడ వేసిన స్పేసర్ ఎత్తు చక్రం దగ్గరికి వచ్చేసరికి ఇంకా పెరుగుతుంది. చక్రం దగ్గర ఎంత కావాలో ముందు అనుకుని, అప్పుడు స్పేసర్ కొనండి. హద్దుల లెక్క అక్కడా అదే.

"జిప్సీకి పొడుగు షాకిల్ వేశాను, అనుకున్నంత లేవలేదు." లేవదు. కమాన్ కట్ట కొసను ఛాసిస్‌కు కలిపే ఆ షాకిల్ పట్టీని రెండంగుళాలు పెంచితే యాక్సిల్ దగ్గర అంగుళమే వస్తుంది, ఎందుకంటే కమాన్ కట్టకు ఒక కొసే లేచింది. ముందు కట్టకు వేసినప్పుడు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్ (పక్క నుంచి చూస్తే స్టీరింగు తిరిగే ఇరుసు వాలు) కూడా మారుతుంది. స్టీరింగు వదిలితే నేరుగా వస్తోందో లేదో చూసుకోండి.

చివరి చీటీ: "అన్నీ అయ్యాక మళ్లీ ఎప్పుడు చూడాలి?" అయిదువందల కిలోమీటర్లు తిరిగాక. బుష్‌లు సర్దుకుంటాయి, కొత్త బార్ వేసి ఉంటే కొద్దిగా దిగుతుంది. మొదటి రోజు కాగితం మీద రాసుకున్న కొలతలు పట్టుకుని, అదే నేల మీద, అదే గాలితో కొలవండి. ఎత్తు మారి ఉంటే సరిచేసి అలైన్‌మెంట్ మళ్లీ చూడండి. హెడ్‌లైట్లు మాత్రం అయిదువందల కిలోమీటర్ల దాకా ఆపకండి, మొదటి రోజు రాత్రే గోడ మీద వేసి దించుకోండి. ముందు లేచిన బండి లైటు ఎదురొచ్చే బైకు మీదివాడి కళ్లలో పడుతుంది, వాడికి రోడ్డు కనిపించదు.